సూదా, తుపాకీయా

ఉడికిన బంగాళాదుంపలు ఒక చేత్తో మెదుపుతూ, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, అవతల వెక్కి వెక్కి ఏడుస్తున్న మనిషిని "సూదా, తుపాకీయా?" అని అడగడం ఎలాగో నాకు ఎవరూ నేర్పలేదు. పెళ్లయిన కొత్తలో నోరు పెగిలేది కాదు. కన్నబిడ్డలా సాకిన గుర్రం పెరట్లో పడి ఉంటుంది. దాని మీద దుప్పటి కప్పి ఆ ఇంటావిడ మాకు ఫోను చేస్తుంది. మేం ట్రక్కు వేసుకెళ్లి ఎత్తుకొస్తాం. ఎత్తుకొచ్చి ఏం చేస్తామో ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు, ఇద్దరం పైకి అనుకోం. కానీ ట్రక్కు కదలకముందే నేను అడగవలసినవి అడగాలి. ఎప్పుడు పోయింది? ఈమధ్య మందులేమైనా పట్టించారా? దానంతటదే పోయిందా, మీరు పంపించారా? పంపిస్తే ఎలా? ఈ ఆఖరి ప్రశ్న దగ్గర ఏడుపు ఆగిపోతుంది. అటువైపు ఒక నిశ్శబ్దం. 'నువ్వు ఆడదానివేనా' అని అడిగినట్టుగా ఉంటుంది ఆ నిశ్శబ్దం. నేను అందులోనే నిలబడి, బంగాళాదుంపలు మెదుపుతూనే, జవాబు కోసం ఆగుతాను.

సూది అయితే ఆ జంతువు మాకు పనికిరాదు. పశువుల డాక్టరు వేసే ఆ నిద్రమందు చచ్చిన ఒంట్లోనూ చావదు. ఉడకబెట్టినా పోదు, గడ్డకట్టించినా పోదు. ఆ మాంసం తిన్న కుక్క తాగినవాడిలా కాసేపు తూలి, పడుకుని, ఇంక లేవదు. అందుకే అలాంటి మాంసం కుక్కల తిండిలోకి రాకూడదంటుంది చట్టం. చట్టం ఇంకా చాలా అంటుంది. కుక్కల కోసం కోసిన మాంసానికి షెడ్డు గడప దాటకముందే నీలం రంగు పట్టించాలి, ఏ కక్కుర్తిగాడూ దాన్ని మనుషుల తిండిలో కలపకుండా. పెట్టె మీద 'పెంపుడు జంతువులకు మాత్రమే, మనుషులు తినరాదు' అని కళ్లజోడు మర్చిపోయినవాడికి కూడా ఆనేంత అక్షరాలుండాలి. కత్తులు ఎంత వేడి నీళ్లలో ముంచాలో, ఫ్రీజరు ఎంత చల్లగా ఉండాలో, అన్నీ చెబుతుంది. అన్నిటికీ కర్త ఒక్కడే. లైసెన్సుదారుడు విచారించుకోవలెను, లైసెన్సుదారుడు రంగు పట్టించవలెను, తేడా వస్తే లైసెన్సుదారుడు పెట్టెలు వెనక్కి పిలిపించవలెను. ఆ లైసెన్సుదారుడు మా ఆయన లైల్ క్రాడాక్. యారంబిన్ ఊరి బయట, గోధుమ చేల మధ్య, వాళ్ల నాన్న కట్టిన షెడ్డులో, అద్దాల ఫ్రేములో ఆయన పేరు గోడకు వేలాడుతూ ఉంటుంది. ఆ అద్దం తుడిచేది నేను.

లైల్ ట్రక్కు నడుపుతాడు. అవసరమైతే తుపాకీ పేలుస్తాడు. గొలుసు వేసి పైకి లాగుతాడు, తోలు ఒలుస్తాడు. అది చూడటానికి మగపనిలా కనబడే భాగం. ఎముక మీంచి మాంసం వొలవడం, ముక్కలు కోయడం, రంగు కలపడం, పట్టించడం, పెట్టెలకు ఎత్తడం, కాగితాలంటించడం, నేల కడగడం, కాలవలో పేరుకున్న కొవ్వు చేత్తో తీయడం, ఇవన్నీ నావి. మధ్యలో ఇంట్లోకెళ్లి పొయ్యి మీద కూర చూసి రావడం కూడా. ఊరి ఫుట్‌బాల్ క్లబ్బులో ఎవరైనా షెడ్డు ఎలా నడుస్తోందని అడిగితే లైల్ గ్లాసు కిందపెట్టకుండానే "బాగానే ఉంది. మా బ్రాన్ కూడా కాస్త సాయం చేస్తుందిలే" అంటాడు. బ్రాన్ అంటే బ్రాన్విన్, నేను. టీచరు చదువు సగంలో ఆపి ఈ ఇంటికి వచ్చినదాన్ని. ఒకసారి మా చెల్లెలు వచ్చినప్పుడు, ఇంత పని చేస్తోంది కదా జీతమేమైనా రాసిస్తున్నావా బావా అని నవ్వుతూనే అడిగింది. లైల్ కూడా నవ్వుతూనే జవాబిచ్చాడు. ఇంటి మనిషికి జీతమేమిటట, ఇవాళ దీనికి అడిగితే రేపు పక్కలో పడుకున్నందుకూ అడగదా అన్నాడు. బల్ల చుట్టూ ఉన్న అతని స్నేహితులు పడీపడీ నవ్వారు. మా చెల్లెలు నా మొహం చూసింది. నేను లేచి వెళ్లి ఐస్ తెచ్చాను. ఆ నవ్వు అప్పుడప్పుడూ ఇప్పటికీ వినబడుతుంది నాకు, కాలవ తీస్తున్నప్పుడు మరీనూ.

ఆ నీలం రంగు చేతులకు అంటితే పోదు. గ్లవ్స్ వేసుకున్నా ఎక్కడో చిరుగులోంచి దూరుతుంది. గోళ్ల చుట్టూ, అరచేతి గీతల్లో నిలిచిపోతుంది. మా అత్త నోరీన్ భోజనాల బల్ల దగ్గర నా చేతులు చూసి మొదటి ఏడాది ఏమీ అనలేదు. రెండో ఏడాది క్రిస్మస్‌కు తెల్ల చేతి తొడుగులు కానుకిచ్చింది, "చర్చికి వేసుకో, నీకే బావుంటుంది" అంటూ. ఊరి ఆడవాళ్ల సంఘం హాల్లో టీ విందులకు నేను స్కోన్ రొట్టెలు చేసుకెళ్లేదాన్ని. వెన్న, జామ్ వేసి, మా అమ్మ చేసినంత మెత్తగా. నా పళ్లెం మాత్రం నిండుగానే తిరిగొచ్చేది. చచ్చిన గొడ్లలో ముంచిన చేతులని ఎవరూ అనరు, ఇవాళ ఆకలి లేదంటారు. ఒకసారి నోరీన్ ఆ పళ్లెం నా చేతిలోంచి తీసుకెళ్లి, తను చేశానని చెప్పి పెట్టింది. చిటికెలో అయిపోయాయి. కారులో వస్తూ, చూశావా నీ పరువు ఎలా కాపాడానో అంది. ఆవిడ మొగుడు కట్టిన షెడ్డు అది. ఆవిడ కట్టుకున్న బట్టలు, ఆవిడ నోట్లో మెరిసే పళ్లు, అన్నీ ఆ షెడ్డు పెట్టినవే. అయినా ఈ జన్మలో దాని గడప తొక్కలేదని ఎవరితోనైనా గొప్పగా చెప్పుకునేది.

ఇక ఆ ఫోను. దాన్ని ఎవరూ పనిగా లెక్కపెట్టలేదు, నేను కూడా. కానీ అన్నిటికంటే బరువైనది అదే. మగవాళ్లు ఫోను చేస్తే రెండు ముక్కల్లో తేల్చేస్తారు. ఆడవాళ్లు అలా కాదు. ఆ గుర్రం ఎక్కి వెళ్లి కాబోయే మొగుణ్ని కలిసిన కథ దగ్గర మొదలుపెట్టేవాళ్లున్నారు. మొగుడు పోయినప్పుడు కూడా ఇంత ఏడవలేదని గుసగుసగా చెప్పినవాళ్లున్నారు. విన్నాను. వినకపోతే వాళ్లు నిజం చెప్పరు. కడుపులోదంతా కక్కేదాకా ఆగితే, వాళ్లే చెబుతారు, 'పాపం సూది వేయించామమ్మా, నొప్పి తెలియకుండా పోయింది' అని. అప్పుడు నేను, అలాగైతే మా ట్రక్కు రాకూడదు, గొయ్యి తీసేవాళ్ల నంబరు ఇస్తాను, బాగా లోతుగా పూడ్పించండి, మీ ఇంటి కుక్కల్ని కూడా ఆ చుట్టుపక్కలకు పోనీయకండి అని చెప్పేదాన్ని. లైల్ దీన్ని 'బ్రాన్ ముచ్చట్లు' అనేవాడు.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. మంచి ఏడు మా వ్యాపారానికి చెడ్డ ఏడు. గడ్డి మోకాళ్లెత్తు పెరిగింది, ఆవులు పోతపోసినట్టున్నాయి, చచ్చే పశువు కరువైపోయింది. కుక్కల తిండి అమ్మే దుకాణాలవాళ్లు, పందెం కుక్కలు పెంచేవాళ్లు, గొర్రెలు తోలే కుక్కలున్నవాళ్లు పెట్టెలేవి పెట్టెలేవని లైల్‌ను తినేస్తున్నారు. సరిగ్గా అప్పుడే నేను ఒక వారంలో రెండు గుర్రాలు వద్దన్నాను. రెండూ సూదులే. అందులో ఒకటి క్లబ్బు ప్రెసిడెంటు బావమరిది వాళ్లది. నా ప్రశ్నలకు వాళ్లావిడ మనసు కష్టపెట్టుకుందట. ఆ సాయంత్రం క్లబ్బులో లైల్‌ను పట్టుకుని, మీ ఇంట్లో పోలీసు డ్యూటీ ఎవరిదోయ్ అని నవ్వారట. ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా, రేపట్నుంచి ఫోన్లు నేను చూసుకుంటాను, నువ్వు నీ కత్తి చూసుకో అన్నాడు. ట్రక్కు మీద ఇంటి నంబరు చెరిపించి తన జేబులో ఫోను నంబరు రాయించాడు.

అడగడం మాత్రం మర్చిపోకు అన్నాను.

"అడుగుతానులే. నా నోరూ పనిచేస్తుంది."

ఫుట్‌బాల్ ఫైనల్స్ జరుగుతున్న నెలలో వచ్చింది ఆ ఎర్ర గుర్రం. ఆస్ట్లీ వాళ్లది. లైల్ గొలుసు బిగిస్తూ కూనిరాగం తీస్తున్నాడు. నేను గొట్టంతో నీళ్లు కొడుతూ దాని మొహం కడిగాను. నుదురు నున్నగా ఉంది. గుండు దెబ్బ లేదు. అలా కడుగుతూ మెడ దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి ఆగింది. పెద్ద నరం మీద, అరచేతి వెడల్పున, వెంట్రుకలు శుభ్రంగా గొరిగి ఉన్నాయి. పశువుల డాక్టర్లు సూది గుచ్చేముందు అలాగే గొరుగుతారు. లైల్‌ను పిలిచి చూపించాను. కడుపునొప్పితో పోయిందట అన్నాడు. ఎవరన్నారంటే, ఎవరో అన్నార్లే అన్నాడు. అడిగావా అంటే, ఆ మనిషి మొహం చూస్తే అడగబుద్ధి కాలేదన్నాడు. నేను మొహం కనబడని గొంతుల్ని ఇన్నేళ్లుగా అడుగుతున్నాను. ఈయనకు మొహం చూసి మొహమాటం వచ్చింది.

ఇంట్లోకెళ్లి నేనే ఆస్ట్లీ వాళ్లావిడకు ఫోను చేశాను. ఆవిడ పేరు హీదర్. గొంతు బొంగురుపోయి ఉంది. నా ప్రశ్నకు ఆవిడ ఆశ్చర్యపోయింది. "సూదేనమ్మా. డాక్టరు వచ్చి వేశాడు. మిమ్మల్ని పిలవొచ్చో లేదో మాకేం తెలుసు? మీ ఆయన అడిగితే చెప్పేవాళ్లమే" అంది. షెడ్డులోకి తిరిగొచ్చి ఆ మాటలు ఉన్నవున్నట్టు లైల్‌కు చెప్పాను. దీని మీద కత్తి పెట్టేది లేదు, లోతుగా పూడ్చెయ్ అన్నాను. ఆయన గొలుసు వదిలేసి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. అంత మాంసం, ఈ సరుకు కరువులో, అని గొణిగాడు. తర్వాత, "సరే తల్లీ, సరే. పొద్దున్నే పూడ్చేస్తాను, చాలా?" అన్నాడు.

మర్నాడు నోరీన్‌ను కంటి డాక్టరు దగ్గరికి పట్నం తీసుకెళ్లాలి. ఆవిడను ఎక్కడికి తీసుకెళ్లాలన్నా కొడుక్కి తీరదు, కోడలికి ఎప్పుడూ తీరికే. వెళ్తూ రోడ్డంతా ఆవిడ తన కాలంలో ఏదీ ఎలా పారబోసేవాళ్లు కాదో చెప్పింది. చట్టాలన్నీ పట్నంలో కూర్చున్నవాళ్లు రాసినవంది. నేను రోడ్డు చూసుకుంటూ ఊఁ కొట్టాను. తిరిగొచ్చేసరికి గొయ్యి మీద కొత్త మట్టి గుట్టగా ఉంది. షెడ్డు నేల కడిగేసి ఉంది. పెళ్లయ్యాక లైల్ నేల కడగడం అదే మొదటిసారి. నేను దాన్ని ప్రేమ అనుకున్నాను. ఆడదాన్ని వెర్రిదాన్ని చెయ్యడానికి పెద్ద కుట్రలు అక్కర్లేదు, ఒక్క పూట నేల కడిగితే చాలు.

తర్వాతి వారంలో ఒక పొద్దున మెర్వ్ వచ్చాడు. గొర్రెల ఉన్ని కత్తిరిస్తూ నడుం వంగిపోయిన ముసలాయన. ఊరవతల ఒంటరిగా ఉంటాడు. ఆయనకున్నది టాప్సీ అనే ఒక్క కుక్క. ట్రక్కులో ఆయన పక్క సీట్లో అదే కూర్చునేది, ఆయన తాగి నిద్రపోతే మా గేటు దాకా వచ్చి మొరిగేది. ఆయన గేటు దగ్గరే నిలబడ్డాడు, లోపలికి రాలేదు. నిన్న రాత్రి మా పెట్టెలోని మాంసం తిని టాప్సీ తూలిందన్నాడు. ముసలిదైంది కదా, కాళ్లు పట్టేశాయేమోననుకుని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడట. తెల్లారేసరికి చల్లబడిపోయిందట. డాక్టరు చూసి, ఇది తిన్నదాంట్లోంచి వచ్చిందన్నాడట, ఎవరికో ఫోను కూడా చేశాడట.

"నేను తగువుకు రాలేదు బ్రాన్. ఆ పెట్టెలో ఇంకా సగం ఉంది. పక్కవాళ్ల కుక్కలకు ఇవ్వమంటావా వద్దా, కనుక్కుందామని వచ్చాను" అన్నాడు.

వద్దన్నాను. ఆ ఒక్క మాటా ఎలా అన్నానో నాకు గుర్తులేదు. లైల్ ట్రక్కు కింద దూరి ఏదో బిగిస్తున్నాడు. కాళ్లు మాత్రం బయటికున్నాయి. ఆ కాళ్లతోనే మాట్లాడాను. ఎర్ర గుర్రం ఎక్కడుందన్నాను. కాళ్లు కదల్లేదు. మళ్లీ అడిగాను. "అంత మాంసం మట్టిపాలు చేస్తామా?" అని ట్రక్కు కిందనుంచి గొంతు వచ్చింది. "వేరే మాంసంలో కలిపాను. కొంచెం కొంచెం. అంత పలచగా అయితే ఏమీ కాదనుకున్నాను." గొయ్యి మీద ఆ మట్టి గుట్ట దేనికో, నేల ఎందుకు కడిగాడో అప్పుడు అర్థమైంది. ఆ నీళ్లతో పాటు నేను కూడా కాలవలోకి పోయినట్టనిపించింది. ఏ పెట్టెలు, ఎవరికెళ్లాయి అని అడుగుతూండగానే ఆయన జేబులో ఫోను మోగింది. మాంసం షెడ్లు తనిఖీ చేసే రాష్ట్ర అధికారి. పశువుల డాక్టరు తెలియజేశాడట. మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక వస్తున్నానంది.

ఆ మధ్యాహ్నం మా వంటింట్లో జరిగినదాన్ని భోజనమనలేను. నోరీన్‌ను లైల్ పిలిపించాడు. కసాయి కొట్టు నుంచి తెచ్చిన గొర్రెపిల్ల కాలు పొయ్యిలోంచి అప్పుడే తీశాను. మా ఇంట్లో మాంసం ఎప్పుడూ బయటి నుంచే వస్తుంది. నేను కోసి వడ్డిస్తున్నాను. ముందుగా గిరాకీలందరికీ ఫోను చేద్దాం, సాయంత్రం అందరూ కుక్కలకు తిండి పెట్టేస్తారు అన్నాను. లైల్ తల అడ్డంగా ఊపాడు. ఫోను చేయడమంటే తన మెడకు తనే ఉరి బిగించుకోవడమట. ముందు ఆ ఆఫీసరమ్మ వచ్చి వెళ్లనీ, తర్వాత చప్పుడు కాకుండా పెట్టెలు తెచ్చేస్తానన్నాడు. ఎవరికెళ్లాయో చెప్పు, నేను చేస్తానన్నాను. చెప్పలేదు. మాంసంలోకి గ్రేవీ పోసుకున్నాడు.

అప్పుడు నోరీన్ చాకూ ఫోర్కూ పళ్లెంలో సరిగ్గా సర్దిపెట్టి, నాప్కిన్‌తో పెదాలు అద్దుకుని, నా వైపు తిరిగింది. ఆవిడ అంత మెత్తగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

"చూడమ్మాయ్. ఎప్పుడూ అడిగేదానివి నువ్వే కదా. ఈసారి అడగడం మర్చిపోయానని చెప్పు. నీకా వయసొచ్చింది. ఒళ్లంతా ఆవిర్లు, మతిమరుపు, మాకూ వచ్చాయి. వచ్చేదీ ఆడదే, తనకీ అర్థమవుతుంది. నాలుగు చీవాట్లు పెట్టి వదిలేస్తుంది. అదే లైల్ అయితే లైసెన్సు పోతుంది."

లైల్ తలెత్తలేదు. "ఎలాగూ పనంతా నువ్వే చేస్తావు కదా" అన్నాడు పళ్లెంతో.

ఎలాగూ. ఆ మాట దగ్గర నా ఆకలి చచ్చిపోయింది. నా ఒంటి వేడిని, నా నిద్రలేమిని, పక్క తడిసిపోయి అర్ధరాత్రి లేచి ఒంటరిగా దుప్పటి మార్చుకున్న రోజుల్ని ఈవిడ ఎప్పుడు గమనించింది? గమనించి ఇన్నాళ్లూ ఎక్కడ దాచుకుంది? ఒక్కరోజు ఒక గ్లాసు చల్లటి నీళ్లు ఇచ్చిన పాపాన పోలేదు. ఇవాళ మాత్రం ఆ రోగాన్నీ రొక్కంలా బయటికి తీసింది, కొడుకు కోసం ఖర్చుపెట్టడానికి. నా ఒళ్లు కూడా వీళ్ల షెడ్డులో గొడ్డు లాంటిదే. తోలు ఒకరికి, మాంసం ఒకరికి, కొవ్వు ఒకరికి, ఎక్కడా ఏదీ పారబోయరు. మర్చిపోయానని నేను చెబితే, నేను ఒక్కదాన్నే సరిగ్గా చేసిన పనిని నేనే నా నోటితో తుడిచేసినట్టు. ఏడుస్తున్న మనుషుల్ని అడిగి, వాళ్ల దగ్గర కసాయిదాన్ననిపించుకుని, ఏ కుక్కా చావకుండా నెగ్గుకొచ్చాను. వీళ్లకు కావలసింది సరిగ్గా ఆ పనిని నేను తుడిచెయ్యడమే. నేను కుర్చీ వెనక్కి నెట్టి ఫోను వైపు లేచాను. కారు చప్పుడైంది. లైల్ లేచి నా మోచెయ్యి పట్టుకున్నాడు. పట్టు గట్టిగానే ఉంది. "రా. ఏం చెప్పాలో గుర్తుందిగా" అన్నాడు.

వచ్చినావిడ పేరు పావ్లిడిస్. పొట్టిగా ఉంది, జుట్టు కురచ. గడప దగ్గర రబ్బరు బూట్లు మందునీళ్లలో ముంచి లోపలికొచ్చింది. నవ్వలేదు, విసుక్కోలేదు. షెడ్డంతా ఒక చుట్టు చూసి, ముందుగా ఒక సంగతి తేల్చుకోవాలంది. లైసెన్సు ఎవరి పేరున ఉందో తనకు తెలుసు. ఇక్కడ రోజూ పని నడిపే బాధ్యత ఎవరిదో కావాలి. తేడా వచ్చినప్పుడు జవాబు చెప్పేది ఆ మనిషి. పని ఆపించగలిగేది, అమ్మిన సరుకు వెనక్కి పిలిపించగలిగేది కూడా ఆ మనిషే. "ఇక్కడ ఇంచార్జి ఎవరు?" అని అడిగింది.

లైల్‌కు జవాబు చెప్పేదన్న ముక్క వినబడింది, పని ఆపించగలిగేదన్న ముక్క వినబడలేదు. "మా ఆవిడ" అన్నాడు వెంటనే.

ఆవిడ రాసుకోబోతుంటే వెనక నుంచి నోరీన్ గొంతు వచ్చింది. వెనక్కి తిరిగి చూశాను. చర్చి చెప్పులు వేసుకుని, చేతిసంచీ గుండెలకు హత్తుకుని, నోరీన్ షెడ్డు గడప దాటి లోపలికొచ్చింది. తడి నేల మీద ఒక్కో అడుగూ చూసుకుంటూ వచ్చి మా మధ్య నిలబడింది. షెడ్డంతా మా కోడలే అంది. కొయ్యడం తనే, రంగు తనే, పెట్టెలు తనే, ఫ్రీజరు తనే, ఫోన్లు తనే. మా వాడు ట్రక్కు తోలుతాడు, అంతకుమించి వాడికేమీ తెలియదు. తను లేకపోతే ఈ షెడ్డు ఒక్కరోజు కూడా నడవదు. కావాలంటే ఊళ్లో ఎవరినైనా అడగండి.

అవునన్నట్టు లైల్ తలూపుతున్నాడు. ఈ మాటల కోసం నేను ఎన్నేళ్లు ఎదురుచూశానో. క్రిస్మస్ బల్ల దగ్గర, క్లబ్బులో, పోనీ పక్క మీద చీకట్లోనైనా, ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు అంటారనుకున్నాను. అప్పుడు ఎలా ఉంటుందో కూడా ఊహించుకున్నాను. కళ్లలో నీళ్లొస్తాయనుకున్నాను. రాలేదు. రంగు నీళ్ల వాసన వచ్చింది, అంతే. తప్పు మోయడానికి మనిషి కావలసి వచ్చినప్పుడే వీళ్లకు నేను మొత్తంగా కనబడ్డాను. కానీ కనబడ్డాను. మొగుడూ అత్తా ఇద్దరూ, సర్కారు మనిషి ముందు, సొంత నోటితో అన్నారు.

"వాళ్లు చెప్పింది నిజమేనా, మిసెస్ క్రాడాక్?" అని అడిగింది పావ్లిడిస్.

"అక్షరాలా నిజం" అన్నాను. లైల్ ఊపిరి వదలడం నాకు వినబడింది. "ఇంచార్జిని నేనే. కాబట్టి నేను చెప్పేది రాసుకోండి. ఆ గుర్రానికి సూది వేశారు. మెడ మీద గొరిగిన చోటు నేను చూశాను. ఆ ఇంటావిడకు నేనే ఫోను చేసి కనుక్కున్నాను. కోయొద్దని, పూడ్చమని ఈయనతో చెప్పాను. నేను మా అత్తను కంటి డాక్టరుకు చూపించడానికి వెళ్లిన రోజున ఈయన దాన్ని కోసి మిగతా మాంసంలో కలిపాడు. ఆ పెట్టెలు ఇంకా ఇళ్లల్లో ఉన్నాయి."

నోరీన్ చేతిసంచీ మూత టక్కున మూసుకుంది. పావ్లిడిస్ పెన్ను ఎత్తి నన్ను చూసింది. నేను చెప్పేది నా మీదికి కూడా రావచ్చంది. తగినంత కాపలా పెట్టలేదని నన్నూ అడుగుతారు, వకీలుతో మాట్లాడాక చెప్పినా తనకు అభ్యంతరం లేదంది. ఆవిడ ఆ మాట మర్యాదగానే అంది, మంచి కోరే అంది. వకీలు దగ్గరికి వెళ్లేసరికి చీకటి పడుతుందన్నాను. తర్వాత లైల్ వైపు కాదు, షెడ్డు వైపు చూస్తూ అన్నాను, "ఇంచార్జిగా నేను ఈ షెడ్డు మూసేస్తున్నాను. ఇవాళే."

"మూయడానికి నువ్వెవతివే?" లైల్ గొంతు గోడలకు తగిలి తిరిగొచ్చింది. "ఇది మా నాన్న కట్టిన షెడ్డు. లైసెన్సు నాది. ఇక్కడ నేను చెప్పందే ఆకు కదలదు."

పావ్లిడిస్ అప్పటిదాకా రాసిన పేజీ తిప్పి, తెల్ల కాగితం మీద పెన్ను ఆనించింది. గొంతు ఏ మాత్రం పెంచలేదు. "అయితే మళ్లీ అడుగుతున్నాను, మిస్టర్ క్రాడాక్. ఇక్కడ ఇంచార్జి ఎవరు?"

లైల్ వాళ్లమ్మ వైపు చూశాడు. వాళ్లమ్మ తన చెప్పుల వైపు చూసుకుంది.

ఆ జవాబు వినడానికి నేను ఆగలేదు. ఏం చెప్పినా నాకు ఒకటే; తన పేరు చెబితే తప్పు తనది, నా పేరు చెబితే మూసే హక్కు నాది. ఏ పెట్టె ఎవరికెళ్లిందో ఈయన చెప్పకపోతే ఊరందరికీ చేస్తాను. ఎండ వాలుతోంది, కుక్కలకు తిండి పెట్టే వేళవుతోంది. నేను ఫోన్లు చెయ్యాలి.